పెరట్లో పన్నెండడుగుల డిష్.. రెజ్యూమెలో ఒక్క లైను

ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నప్పుడు ఎలక్ట్రానిక్స్ ఫ్రెషర్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ప్రాజెక్టు ఎప్పుడు మొరాయించింది? ఎందుకు?" చాలామంది కాస్త గర్వంగానే చెప్పే జవాబు: "లేదు సార్, ఫస్ట్ టైమ్‌కే అవుట్‌పుట్ వచ్చేసింది." సంగతి అక్కడే తెలిసిపోతుంది. సొంత చేత్తో చేసిన సర్క్యూట్ ఏదీ మొదటిసారికే పనిచేయదు. పనిచేసిందీ అంటే ఎవరో ముందే చేసి, అట్టపెట్టెలో పెట్టి, రిపోర్టుతో సహా అమ్మిందే అయ్యుంటుంది.

ఇది తిట్టడానికి చెప్పడం లేదు. తిట్టే అర్హత నాకు లేదు. 2005లో నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా కొన్నదే. నలుగురం తలా వెయ్యి వేసుకున్నాం. ఎల్‌సీడీ మీద అక్షరాలు కదిలితే చాలనుకున్నాం. తర్వాత ఓ కంపెనీ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ బోర్డు ఫొటో చూసి, ఒక కెపాసిటర్ మీద వేలుపెట్టి, "ఇది తీసేస్తే ఏమవుతుంది బాబూ?" అన్నారు. నా నోరు పెగల్లేదు. ఆయన ఇంకేమీ అడగలేదు. మంచినీళ్లు తాగమన్నారు, అంతే. ఆ మంచినీళ్లు ఇప్పటికీ గొంతులోనే ఉన్నాయి.

ఈ ఏడాది జనవరిలో తార్నాకలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి, దాని మీద నా అభిప్రాయం చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

తార్నాక వీధుల్లో పాత ఇండిపెండెంట్ ఇళ్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. ముందు గేటు, మామిడిచెట్టు, వెనక పెరడు. ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి. మా పాత ఇంటి ఓనరు గారిది అలాంటి ఇల్లే. రైల్వేలో చేసి రిటైరయ్యారు. మార్చి నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేసి బిల్డర్‌కి అప్పగించాలి. వాళ్ల పెరట్లో జామచెట్టు పక్కన పన్నెండడుగుల జల్లెడ డిష్ ఒకటుంది. అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము, పిచుక గూడు, తుప్పుపట్టిన స్తంభం. లోపల అటక మీద దాని రిసీవర్. వీసీఆర్ సైజు నల్ల పెట్టె.

"రద్దీవాడు కిలోల లెక్కన అడుగుతున్నడు బిడ్డా, ఇచ్చేద్దునా?" అని పెద్దాయన ఫోన్ చేశారు. నెల రోజులు ఆగమన్నాను. అడిగేటప్పుడు నా మనసులో ఉన్నది డిష్ కాదు, ఒక కుర్రాడు.

అతను ఈసీఈ ఫైనల్ ఇయర్. ఊరు నల్గొండ జిల్లా. తార్నాకలో ముగ్గురితో కలిసి రూమ్. సాయంత్రాలు ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద చదువుకుంటాడు. మీలో చాలామందికి ఆ చెట్లు తెలుసు. ఒకపక్క గ్రూప్స్ వాళ్లు, ఒకపక్క గేట్ వాళ్లు, మధ్యలో టీ అమ్మే ఆయన. అక్కడే పరిచయం. ప్రాజెక్టు కోసం నలుగురు స్నేహితులు డబ్బులు పోగేస్తున్నారనీ, తన వాటా ఇంటి నుంచి అడగడానికి మొహమాటంగా ఉందనీ అన్నాడు. నేను ఈ డిష్ సంగతి చెప్పాను. వెంటనే అడిగాడు: "అన్నా, దాంట్ల చానెళ్లు వస్తయా?"

రావు. ఒక్కటీ రాదు. ఆ మాట మొదటిరోజే చెప్పాను.

అసలు ఆ డిష్ ఎటు చూస్తోంది?

దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1990 ఏప్రిల్‌లో ఏషియాశాట్-1 అనే ఉపగ్రహం పైకెళ్లింది. భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబడింది. 1991లో దాని మీద స్టార్ టీవీ మొదలైంది. 1992 అక్టోబర్ 2న జీ టీవీ వచ్చింది. అప్పటిదాకా దూరదర్శన్ తప్ప తెలియని కాలనీల్లో పెద్ద పెద్ద డిష్‌లు లేచాయి. కేబుల్ అతను ఒక డిష్ పెట్టి వీధంతా వైరు లాగేవాడు. మా పెద్దాయనలాంటి వాళ్లు కొందరు పక్కింటివాళ్లతో కలిసి సొంతంగానే పెట్టుకున్నారు. తార్నాక అన్న పేరే 'తార్', 'నాకా' కలిసి, అంటే తీగ కంచె ఉన్న గేటు నుంచి వచ్చిందంటారు. అలాంటి పేటలో ఇంటింటికీ తీగలు పాకడం చూడ్డానికి సరదాగా ఉండేదట.

ఇంకా వెనక్కి వెళితే మన ఊరికి ఇందులో పెద్ద వాటానే ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా 'సైట్' ప్రయోగం జరిగింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. తెలుగులో కూడా. ఊళ్లో పెట్టిన డిష్ ఏమిటనుకున్నారు? కోళ్లగూడుకి కొట్టే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు. ఆ సెట్లు తయారుచేసింది మన ఈసీఐఎల్. తార్నాక నుంచి సిటీ బస్సెక్కితే దిగే ఆఖరి స్టాపు పేరుగా మాత్రమే ఈసీఐఎల్ తెలిసిన ఈసీఈ స్టూడెంట్లు నాకు తగిలారు. చంద్రయాన్ సంకేతాలు అందుకోవడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో పెట్టిన 32 మీటర్ల యాంటెన్నా కూడా అక్కడి చేతి పనే.

ఆ రోజుల్లో అంతా అనలాగ్. ఒక ట్రాన్స్‌పాండర్, అంటే ఉపగ్రహంలో ఒక 36 మెగాహెర్ట్జ్ దారి, మొత్తం ఒకే ఒక్క చానెల్‌కి సరిపోయేది. డిజిటల్ కంప్రెషన్ వచ్చాక అదే దారిలో పదీ పదిహేను చానెళ్లు పడుతున్నాయి. ఇక అనలాగ్‌కి అద్దె కట్టేవాడెవడు? ఒక్కొక్క చానెలే మారిపోయింది. రిసీవర్ అటకెక్కింది. డిష్ మాత్రం తిప్పేవాళ్లు లేక అదే దిక్కు చూస్తూ ఉండిపోయింది.

సిరీస్ బల్బు దగ్గర్నుంచి

ముందు రిసీవర్. ఇన్నేళ్లు ఆగిపోయిన పెట్టెని నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు. పాత టీవీ మెకానిక్ షాపుల్లో గోడకి సిరీస్ బోర్డు ఒకటుంటుంది చూశారా? ఒక 60 వాట్ల బల్బు దారిలో అడ్డంగా పెడతారు. లోపల షార్ట్ ఉంటే కరెంటంతా బల్బు మీద పడి అది భగ్గున వెలుగుతుంది, పెట్టె మాడిపోదు. మనవాడు వీడియోలు చూసి అలాంటిది చేశాడు. స్విచ్ వేశాడు. బల్బు నిండుగా వెలిగింది. అతని మొహం వాడిపోయింది. నా మొహం వెలిగింది. ప్రాజెక్టు మొరాయించింది కదా!

బ్రిడ్జిలోని నాలుగు డయోడ్లలో ఒకటి షార్ట్. మల్టీమీటర్‌తో వెతకడానికి అతనికి రెండు సాయంత్రాలు పట్టింది. తెలిసినవాళ్లకి రెండు నిమిషాల పని. ఆ రెండు సాయంత్రాలే అతని ఆస్తి. తర్వాత ఫిల్టర్ కెపాసిటర్. మీద 4700 మైక్రోఫారడ్ అని రాసుంది, కొలిస్తే వెయ్యి కూడా లేదు. లోపలి ద్రవం ఎండిపోయింది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెచ్చాడు. "ఎందుకన్నా ఎండిపోతది?" అని అడిగాడు. వేడి, కాలం. అంతకుమించి నేను చెప్పకుండా పుస్తకం చూడమన్నాను. ఈ ప్రశ్నే నన్ను పందొమ్మిదేళ్లప్పుడు ఎవరైనా నిలదీసి ఉంటే ఎంత బావుండేదో.

ఇక్కడో జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మర్‌కి మెయిన్స్ వైపు 230 వోల్టులుంటాయి. ప్లగ్ తీసేసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. దాన్ని ఒక రెసిస్టర్ గుండా దించాకే చెయ్యి పెట్టాలి. పక్కన మనిషి లేకుండా పనిచేయొద్దు. ఇది మాత్రం వీడియోలో చూసి నేర్చుకునే సంగతి కాదు.

అంకెలు వెలిగాయి. కానీ వెనకున్న యాంటెన్నా సాకెట్‌లో వోల్టేజి సున్నా. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి అన్నం పెట్టేది ఈ తీగే. దీని మీద 18 వోల్టుల దాకా రావాలి. వెతుకుతూ పోతే మెమరీ కోసం పెట్టిన చిన్న బ్యాటరీ కారి, బోర్డు మీద రాగి గీతని తినేసింది. పచ్చగా పొక్కు కట్టింది. వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, తెగినచోట సన్న తీగ వేసి అతికించాడు. సోల్డర్ ముద్దముద్దగా పడింది. చూడ్డానికి బాలేదు. కానీ 18 వోల్టులొచ్చాయి. ఆ రాత్రి పదకొండింటికి నాకు ఫోటో పంపాడు, మల్టీమీటర్ తెరది. పెళ్లి ఫోటో పంపినట్టు పంపాడు.

పాత ఎల్‌ఎన్‌బీ నీళ్లు దిగి పోయింది. సీ-బ్యాండ్ ఎల్‌ఎన్‌బీలు ఇప్పటికీ దొరుకుతాయి, కేబుల్ వాళ్లు వాడుతూనే ఉన్నారు. కొన్ని వందల్లో వచ్చింది. నాణ్యత చూస్తే 90ల్లో పెద్ద ధర పెట్టి కొన్నదానికంటే ఇదే మేలు. ఒక చిక్కుంది. కొత్తదానికి 13 వోల్టులిస్తే నిలువు, 18 ఇస్తే అడ్డం పోలరైజేషన్ పట్టుకుంటుంది. పాత రిసీవర్ 18 ఒక్కటే ఇస్తుంది. అంటే సగం ఆకాశమే కనిపిస్తుంది. సర్దుకున్నాం.

తర్వాత డిష్. వ్యాసం పన్నెండడుగులు, అంటే 3.66 మీటర్లు. ఒక తాడు అడ్డంగా కట్టి లోతు కొలిస్తే 61 సెంటీమీటర్లు. వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి, లోతుకి పదహారు రెట్లతో భాగిస్తే ఫోకస్ ఎక్కడుందో వస్తుంది. 1.37 మీటర్లు. ఫీడ్‌హార్న్ సరిగ్గా అక్కడ ఉండాలి. ఇంటర్‌లో పారాబోలా లెక్కలు చేసిన మనిషే, కానీ టేపు పట్టుకుని దాని కేంద్రం వెతకడం అతనికదే మొదటిసారి. "ఇది నిజంగనే పనికొస్తదా అన్నా!" అన్నాడు. ఎంసెట్‌కి తప్ప దేనికీ పనికిరాదనుకున్నాడట.

హైదరాబాద్ నుంచి 105.5 డిగ్రీల ఉపగ్రహం ఆగ్నేయం కంటే కాస్త తూర్పుకి, అంటే ఉత్తరం నుంచి 120 డిగ్రీల దిక్కున, నేల నుంచి 53 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఫోన్‌లో కొలిస్తే మన డిష్ 50 దగ్గర వంగి ఉంది. ఇన్నేళ్లలో మూడు డిగ్రీలు కుంగింది. మూడే కదా అనుకోవద్దు. ఇంత పెద్ద డిష్ చూపు 4 గిగాహెర్ట్జ్ దగ్గర డిగ్రీన్నర కంటే తక్కువ. చెయ్యి చాచి చూపుడువేలు అడ్డంపెడితే ఆకాశంలో దాదాపు రెండు డిగ్రీలు మూసుకుపోతుంది. అంటే డిష్ చూసేది వేలంత వెడల్పు కూడా లేదు. తుప్పు బోల్టుకి మూడు రోజులు కిరసనాయిలు పోసి, నలుగురం పట్టి పైకెత్తాం. పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇంక జర.. ఇంక జర.." అంటూ డైరెక్షన్. 1993లో కూడా ఇలాగే అన్నారట.

రిసీవర్ ముఖాన సిగ్నల్ కోసం పది చిన్న ఎర్ర లైట్లున్నాయి. రెండు దగ్గర ఉన్నవి ఒక్కసారిగా ఆరుకి లేచాయి.

తెర మీద మాత్రం చుక్కలే

ఆ స్థానంలో ఇప్పుడున్నది ఏషియాశాట్-7. దాని సీ-బ్యాండ్ సంకేతాలన్నీ డిజిటల్. మన పెట్టెకి ఆ భాష రాదు. బలం తెలుస్తుంది, భావం తెలియదు. టీవీలో తెల్లనల్ల చుక్కల వాన, స్పీకర్‌లో హోరు. రూమ్మేట్లు చూసి నవ్వారు. "మూడు వారాలు చేసింది ఇదా?" నవ్వరా మరి.

నాకు మాత్రం ఆ చుక్కల మీదే గౌరవం. అనలాగ్ రిసీవర్ తప్పుని దాచుకోదు. సిగ్నల్ కొంచెం తగ్గితే బొమ్మ మీద నాలుగు మెరుపు చుక్కలు, ఇంకొంచెం తగ్గితే నలభై. ఎక్కడ ఎంత పోతోందో కంటికి కనిపిస్తుంది. డిజిటల్ అలా కాదు, ఆఖరి క్షణం దాకా బొమ్మ అద్దంలా ఉండి ఒక్కసారిగా గడ్డకట్టిపోతుంది. వానొస్తే మీ ఇంట్లో డీటీహెచ్ చేసే పని అదే. సిగ్నల్-టు-నాయిస్ రేషియో అంటే ఏమిటని అడిగితే ఫార్ములా గడగడా చెప్పేవాళ్లు బోలెడుమంది. డిష్‌ని అంగుళం కదిపితే ఏమవుతుందంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈ కుర్రాడు చెప్పగలడు.

అసలు రోజు మార్చి 12. ఏటా మార్చిలో, మళ్లీ సెప్టెంబర్ చివర - అక్టోబర్ మొదట్లో, కొన్ని రోజులపాటు సూర్యుడు ఉపగ్రహం వెనక నుంచి నడిచి వెళతాడు. కేబుల్ వాళ్లు 'సన్ అవుటేజ్' అని స్క్రోలింగ్ వేసేది అప్పుడే. మన లెక్కలో ఆ ఉపగ్రహానికి అది ఉదయం 10.20 ప్రాంతం. లెక్క నేను చెప్పలేదు, అతనే కాగితం మీద వేసుకొచ్చాడు. ఉపగ్రహం సిగ్నల్ లేని ఖాళీ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసి పెట్టాం. లైట్లు రెండే వెలుగుతున్నాయి. ఫీడ్‌హార్న్ నీడ డిష్ అంచు నుంచి మెల్లగా లోపలికి జరుగుతోంది. నీడ మధ్యకి దగ్గరపడేకొద్దీ మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది. సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు పదీ వెలిగాయి. ఏడెనిమిది నిమిషాలు. మళ్లీ ఒక్కొక్కటే దిగిపోయాయి. సుమారు 15 కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన రేడియో హోరది.

విచిత్రమేమిటంటే అంతసేపూ తెర మీద చుక్కలు ఏమాత్రం మారలేదు. "లైట్లు పెరిగినయ్ కదా, చుక్కలు ఎందుకు పెరగలే?" అన్నాడు. మంచి ప్రశ్న. ఎఫ్‌ఎం రిసీవర్‌లో లిమిటర్ అని ఒకటుంటుంది. వచ్చినదాని ఎత్తు ఎంతైనా అన్నిటినీ ఒకే ఎత్తుకి కత్తిరించి పంపుతుంది. హోరు చిన్నదైనా పెద్దదైనా కోసేశాక ఒకటే. బలం కొలిచే లైట్లు లిమిటర్‌కి ముందున్నాయి. బొమ్మ దాని తర్వాత. ఈ జవాబు అతను మర్నాడు సర్క్యూట్ బొమ్మ గీసి నాకే తిరిగి చెప్పాడు. నేను ఇంటర్వ్యూ బోర్డులో ఉండుంటే అక్కడితో ఫైలు మూసి సంతకం పెట్టేసేవాణ్ని.

మరి దీంతో ఉద్యోగం వస్తుందా?

వస్తుందని నేను రాసిస్తే అబద్ధమవుతుంది. ఇస్రో, బెల్, ఈసీఐఎల్ లాంటి చోట్ల ముందు రాతపరీక్షో, గేట్ స్కోరో దాటాలి. అక్కడ ఈ డిష్ మీకు ఒక్క మార్కూ తేదు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే చాలా కోర్ కంపెనీల్లో మొదటి జీతం తక్కువే. ఇంటి నుంచి ఒత్తిడి ఉన్నవాళ్లు కోడింగ్ కోర్సులో చేరితే నేను తప్పుపట్టను, ఆకలికి ఆదర్శాలు చెప్పకూడదు.

నేను చెప్పేది ఇంటర్వ్యూ గది తలుపు తెరుచుకున్నాక జరిగే సంగతి. హైదరాబాద్‌లో రేడియో ఫ్రీక్వెన్సీ పని చేసే సంస్థలు చాలా ఊళ్లకంటే ఎక్కువే. చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్, నగరంలో ఆస్ట్రా మైక్రోవేవ్, అనంత్ టెక్నాలజీస్, ఈమధ్య వచ్చిన ధ్రువ స్పేస్, స్కైరూట్. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, షాద్‌నగర్‌లో దాని డిష్‌లు. ఇలాంటి చోట్ల టెస్టింగ్ బెంచి మీద మొదటి ఏడాది మీరు చేసే పని ఏమిటనుకుంటున్నారు? డిజైన్ కాదు. పనిచేయనిదాన్ని పట్టుకుని అది ఎందుకు పనిచేయడం లేదో వెతకడం. కనెక్టరా, కేబులా, సప్లయా, మన కొలతే తప్పా? ఈ ఓపిక ఎవరికుందో పది నిమిషాల మాటల్లో తెలిసిపోతుంది. అది కొనుక్కొచ్చిన పెట్టెలో రాదు.

ఇంకోమాట. పాతదాన్ని బాగుచేయడం కొత్తది చేయడం కంటే తక్కువ పని అని మన కాలేజీల్లో ఒక చిన్నచూపుంది. ఈ కుర్రాడికీ రివ్యూలో అదే ఎదురైంది. "నావెల్టీ ఏది? అవుట్‌పుట్ ఏది?" అన్నారట. అవుట్‌పుట్ చుక్కలని చెబితే గదిలో నవ్వులు. చివరికి సూర్యుడి లెక్క, నీడ ఫోటోలు, నిమిషానికోసారి రాసుకున్న లైట్ల పట్టిక చూపిస్తే ఒక మేడమ్ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని ప్రశ్నలడిగారట. పాసయ్యాడు, మార్కులు గొప్పగా లేవు. అదే సెక్షన్‌లో కొన్న ప్రాజెక్టులకి ఇంతకంటే ఎక్కువొచ్చాయి. ఇది మీకూ జరగొచ్చు, తెలుసుకునే దిగండి.

అందరి పెరట్లో డిష్ ఉండదు కదా అంటారు. నిజమే, అసలు పెరడే ఉండదు. కానీ కనెక్షన్ తీసేసిన డీటీహెచ్ గిన్నెలు ప్రతి డాబా మీదా తుప్పుపడుతున్నాయి. ఆ అరవై సెంటీమీటర్ల గిన్నె చాలు. 2018 నవంబర్‌లో వెళ్లిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2 మీద అమెచ్యూర్ రేడియో వాళ్లకోసం క్యూఓ-100 అనే ట్రాన్స్‌పాండర్ ఉంది. భూస్థిర కక్ష్యలో అలాంటిది అదే మొదటిది. 25.9 డిగ్రీల తూర్పు. మనకి పడమటి దిక్కున నేల నుంచి 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ గిన్నెని అటు తిప్పి, మామూలు కేయూ-బ్యాండ్ ఎల్‌ఎన్‌బీకి వోల్టేజి ఇచ్చి, ల్యాప్‌టాప్‌కి ఒక చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ తగిలిస్తే 740 మెగాహెర్ట్జ్ దగ్గర మనుషుల గొంతులు వినిపిస్తాయి. యూరప్ వాళ్లు, గల్ఫ్ వాళ్లు, ఆఫ్రికా వాళ్లు. తిరిగి మాట్లాడాలంటే లైసెన్స్ కావాలి, దానికి పరీక్ష ఉంది. ముందు వినండి. వినపడకపోతే ఇంకా మంచిది, ఎందుకు వినపడలేదో వెతకండి.

క్యాంపస్‌ని కూడా ఒకటి అడగాలనుంది. నా చిన్న కోరికే. ఉస్మానియాలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసే నెర్టూ ఉంది, ఆస్ట్రానమీ శాఖ ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దారిలోనే ఉన్న జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఈ విశ్వవిద్యాలయానిదే. పక్కనే ఇఫ్లూ, అది సీఫెల్‌గా ఉన్న రోజుల నుంచే విద్యా కార్యక్రమాలు తీసిన మీడియా కేంద్రం అక్కడుంది. 1984 ఆగస్టు 15న యూజీసీ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలైనప్పుడు ఆ పాఠాలు ఇన్‌శాట్-1బీ మీదుగానే దేశమంతా దిగాయి. ఇంత చరిత్ర, ఇంత ఖాళీ నేల. ఒక మూల పాత డిష్ ఒకటి నిలబెట్టి, ఒక బల్ల, ఒక సిరీస్ బోర్డు, ఒక ఆసిలోస్కోప్ పెట్టి, చుట్టుపక్కల కాలేజీల పిల్లల్ని కూడా రానిస్తే? ఏ విద్యాసంస్థలోనైనా పాత సామాను స్క్రాప్ వేలానికి వెళ్లేముందు ఒక నెల విద్యార్థుల ముందు పెడితే? రద్దీవాడికి కిలో ఎంతకిచ్చినా ఆ డబ్బుతో కొత్త ల్యాబ్ రాదు కదా. విరగ్గొట్టినా పరవాలేదని చెప్పి ఇవ్వగలిగిన సామాను అదొక్కటే.

మార్చి 28న డిష్ దించాం. బోల్టులు విప్పితే గొడుగు ఎనిమిది రేకులుగా విడిపోయింది. పిచుక గూడు ఖాళీగానే ఉంది, చూసుకునే విప్పాం. పెద్దాయన రిసీవర్ మీద చెయ్యి వేసి, "ఇది నువ్వే పెట్టుకో బిడ్డా, నా దగ్గరుంటే మళ్ల అటకెక్కుతది" అన్నారు. కుర్రాడు తువ్వాలులో చుట్టుకుని తీసుకెళ్లాడు. ఇప్పుడది అతని రూమ్‌లో మంచం కింద ఉంది.

రేకులు హబ్సిగూడలో ఒక స్నేహితుడి షెడ్డు గోడకి ఆనించి ఉన్నాయి. షెడ్డు ఓనరు జూన్ దాకా అన్నాడు. అతనికి రెండు ఇంటర్వ్యూలయ్యాయి. ఒకదాంట్లో ప్రాజెక్టు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. రెండోదాంట్లో ముప్పావుగంట అదే అడిగారట, ఫలితం ఇంకా రాలేదు. సూర్యుడు మళ్లీ ఆ దారిన వచ్చేది అక్టోబర్ 1 ప్రాంతంలో, ఉదయం పదింటికి. ఆలోగా పన్నెండడుగుల డిష్ పట్టే జాగా, ఆగ్నేయం వైపు చెట్లు అడ్డంలేనిది, ఎక్కడైనా ఉందా అని కనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతున్నాడు.